దాదా షేర్వానీ, మా వాడి జపాన్ కోటు

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున మా పెద్దోడు సందూక్ తెరిచి, మా దాదా షేర్వానీ బయటికి తీసి, "అమ్మీ, దీన్ని నడుం కింద కోసేస్తే చాలు, నా కోటు తయార్" అన్నాడు. వాడికి పద్నాలుగేళ్ళు. హైదరాబాద్‌లో జరిగే కామిక్ కాన్‌కి దోస్తులతో కలిసి వెళ్ళాలి. అక్కడ 'డీమన్ స్లేయర్' అనే జపాన్ కార్టూన్‌లోని తాంజిరో వేషం కట్టాలి. దాన్నే కాస్‌ప్లే అంటారట. ఆన్‌లైన్‌లో ఆ లిబాస్ ధర చూసి నేను "నక్కో బేటా, ఇంట్లోనే కుడదాం" అని మాటిచ్చి ఉన్నాను. ఆ మాటిచ్చేటప్పుడు దాదా షేర్వానీ నా ఖయాల్‌లోనే లేదు.

నాకు గుస్సా వచ్చింది. వాడి చేతిలోంచి లాక్కుని, "ఇది మీ పర్‌నానాది. వేషాలకి కాదు" అన్నాను. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఊరుకోలేదు. "మరి దీన్ని ఎవరు వేసుకుంటున్నారు అమ్మీ? మామూ నిఖాకి వేసుకున్న షేర్వానీ కూడా కిరాయిదే కదా. ఒక్క రాత్రి నవాబులా కనిపించి పొద్దున తిరిగి ఇచ్చేశాడు. అది మాత్రం కాస్‌ప్లే కాదా?"

నా దగ్గర జవాబ్ లేదు. కిటికీ పక్కన కూచున్న మా అబ్బా మాత్రం నవ్వారు. అబ్బా జిందగీ అంతా వరంగల్‌లో దర్జీ పని చేశారు. ఇప్పుడు చేతులు వణుకుతాయి, సూదిలో దారం ఎక్కించలేరు. "సవాల్ మంచిదే అడిగాడు" అన్నారు.

ఆ సవాల్ వెంటబడి కొన్నాళ్ళు చదివాను, అబ్బాని అడిగాను, కోటు కూడా కుట్టాను. ఈ మూడూ కలిపి మీకు చెబుతున్నాను.

ముందు జపాన్ కోటు సంగతి. తాంజిరో పైన వేసుకునే ఆకుపచ్చ, నలుపు గళ్ళ అంగీ పేరు హావోరి. అది జపాన్ వాళ్ళ పాత లిబాస్. దాని లోపల వేసుకునే నల్ల కోటు మాత్రం పాతది కాదు. నిలబడ్డ కాలర్, ముందు వరసగా గుండీలు, మెడ దాకా మూసుకునే ముందు భాగం. దాన్ని గకురాన్ అంటారు. 'గకు' అంటే చదువు. 'రాన్' అంటే హాలండ్. జపాన్ తలుపులు బయటి దునియాకి మూసి ఉంచిన రోజుల్లో వాళ్ళు తిజారత్ చేయనిచ్చిన ఒకే ఒక యూరప్ ఖౌమ్ డచ్చి వాళ్ళు. అందుకని యూరప్ బట్టలన్నిటికీ హాలండ్ పేరే అంటుకుంది. అంటే గకురాన్ అనే మాటకి అర్థం, చదువుకునే పిల్లలు వేసుకునే ఫిరంగీ బట్టలు.

1868లో మేజీ చక్రవర్తి కాలం మొదలయ్యాక జపాన్ హుకూమత్ తన సైన్యాన్నీ, దఫ్తర్లనీ, మదరసాలనీ యూరప్ పద్ధతిలోకి మార్చింది. 1872లో అధికారుల దర్బారీ లిబాస్‌గా యూరప్ బట్టలే ఖాయం చేసింది. 1879లో దొరల పిల్లలు చదివే గకుషూయిన్ అనే బడి నిలువు కాలర్ కోటుని యూనిఫామ్‌గా తీసుకుంది. 1886లో టోక్యోలోని ఇంపీరియల్ యూనివర్సిటీ అలాంటి కోటుకే బంగారు రంగు గుండీలు పెట్టింది. నమూనా యూరప్ ఫౌజీలది. ఆ కోటు వేసుకున్న కుర్రాడు చదువుకున్నవాడని, రేపు దేశాన్ని నడిపేవాడని వీధిలో అందరికీ తెలిసేది. తర్వాత తర్వాత మామూలు బడుల దాకా అదే వచ్చింది.

ఇది చదువుతుంటే నాకు మన షేర్వానీ యాదికొచ్చింది. సందూక్‌లోంచి మళ్ళీ తీసి మంచం మీద పరిచాను. నిలబడ్డ కాలర్, ముందు వరసగా గుండీలు, మెడ దాకా మూసుకునే ముందు భాగం. తేడా పొడవులోనే ఉంది. మా వాడి నజర్ తప్పు కాదన్నమాట.

షేర్వానీ అంటే మొఘల్ బాద్షాల నాటిదని మనలో చాలామంది అనుకుంటాం. పెళ్ళి బట్టల దుకాణాల్లో కూడా అలాగే చెప్పి అమ్ముతారు. కానీ మొఘల్ దర్బార్‌లో వేసుకున్నది జామా. దానికి గుండీలు ఉండవు, చంక కింద నాడాలతో కట్టుకునేవాళ్ళు. తర్వాత వచ్చిన అంగర్ఖాకి కూడా నాడాలే. ఆ తర్వాత చప్కన్, అచ్‌కన్. అలా ఒకదానిలోంచి ఒకటి మారుతూ వచ్చాయి. అచ్‌కన్ హైదరాబాద్ చేరాక ఇంగ్లీషు కోటు పోకడలు కలుపుకుని షేర్వానీ అయిందని లక్నో తహ్జీబ్ గురించి రాసిన అబ్దుల్ హలీమ్ షరర్ చెబుతాడు. ఆయన హైదరాబాద్‌లో కూడా ఉండి పనిచేసిన మనిషి. అంటే షేర్వానీ పుట్టింది 19వ శతాబ్దంలో. వయసులో గకురాన్‌కి అది అన్న వరస అవుతుందేమో గానీ దాదా వరస కాదు.

ఆ కాలంలో ఈ ముచ్చట మన దగ్గరే కాదు, చాలా చోట్ల జరిగింది. ఉస్మానీ తుర్కీలో సుల్తాన్ రెండో మహ్మూద్ 1829లో పగిడీలు తీయించి ఫెజ్ టోపీలు పెట్టించాడు. ఆ వెనక ఇస్తాంబూలిన్ అనే నిలువు కాలర్ కోటు అక్కడి అఫ్సర్ల ఒంటి మీదికి వచ్చింది. ఫిరంగీ కోటుకి ముందు భాగం తెరిచి ఉంటుంది, కాలర్ మడతపడి ఉంటుంది, లోపల చొక్కా, టై కనబడతాయి. తుర్కీ దర్జీ, హైదరాబాద్ దర్జీ ఇద్దరూ ఆ కోటులోంచి భుజం కుదింపునీ, ఆస్తీన్ ఎక్కించే తరీఖానీ, గుండీల వరసనీ తీసుకున్నారు. మెడ మాత్రం మూసే ఉంచారు. కొత్త జమానాలోకి నడవాలి, అయినా ఫిరంగీలా కనబడకూడదు. ఆ రెండు ఖ్వాహిష్‌లూ ఆ కాలర్‌లో కలిసి ఉన్నాయని నాకనిపిస్తుంది.

హైదరాబాద్ రియాసత్‌లో షేర్వానీ ఒక్క ముసల్మాన్ల లిబాస్ కాదు. రెండుసార్లు ప్రధానమంత్రిగా చేసిన మహారాజా కిషన్ పర్షాద్ షేర్వానీలోనే కనబడతాడు. దఫ్తర్లలో పనిచేసే కాయస్థులు, బ్రాహ్మణులు, రెడ్లు అందరూ అదే తొడుక్కునేవాళ్ళు. అమీర్లకి ఔరంగాబాద్ హిమ్రూ, గుమాస్తాలకి నూలు బట్ట, చలికి ఊలు. నిజామ్ మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫొటో 1937లో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా వచ్చింది. దునియాలో అందరికంటే అమీర్ అన్నారు ఆయన్ని. అంత అమీర్ పాత షేర్వానీలనే వాడుకునేవాడన్న సంగతి కూడా అంతే మషహూర్. 1918లో ఏర్పడిన ఉస్మానియా యూనివర్సిటీ తాలిబే ఇల్మ్‌ల ఒంటి మీద కూడా షేర్వానీయే. ఉత్తరాన అలీగఢ్‌లో నల్ల షేర్వానీ ఇప్పటికీ అక్కడి జల్సాల్లో కనబడుతుంది. టోక్యోలో గకురాన్ చేసిన పనినే ఇక్కడ షేర్వానీ చేసింది.

ఈ రెండు కోట్లూ నిజంగా ఒక చోట కలిశాయని తెలిసినప్పుడు నేను మా వాడిని నిద్ర లేపి మరీ చెప్పాను. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు రాస్ మసూద్ అప్పట్లో హైదరాబాద్ రియాసత్‌లో తాలీమ్ శాఖకి డైరెక్టర్. ఉస్మానియాలో చదువంతా ఉర్దూలో చెప్పాలని నిర్ణయం జరిగింది. దేశం మొత్తం మీద యూనివర్సిటీల్లో ఇంగ్లీషులోనే చెబుతున్న కాలం అది. సొంత జబాన్‌లో సైన్స్, డాక్టరీ చెప్పిన ఆసియా దేశం జపాన్. అది ఎలా సాధ్యమైందో చూసి రమ్మని నిజామ్ హుకూమత్ రాస్ మసూద్‌ని పంపింది. ఆయన 1922లో జపాన్ వెళ్ళి, బడులూ కాలేజీలూ తిరిగి, అక్కడి తాలీమ్ గురించి పెద్ద రిపోర్ట్ రాశాడు. అది 1923లో అచ్చయింది.

1922 అంటే జపాన్‌లో తైషో చక్రవర్తి జమానా. 1912 నుంచి 1926 దాకా ఉన్న ఆ జమానాలోనే 'డీమన్ స్లేయర్' కథ నడుస్తుంది. రాస్ మసూద్ టోక్యో వీధుల్లో నడిచిన రోజుల్లో అక్కడి విద్యార్థులు ఆ నల్ల నిలువు కాలర్ కోట్లలోనే కాలేజీలకి పోతున్నారు. తిరిగొస్తే ఉస్మానియాలో పిల్లలు షేర్వానీల్లో ఉన్నారు. "అంటే తాంజిరో, రాస్ మసూద్ ఒకే టైమ్‌లోనా అమ్మీ?" అన్నాడు మావాడు. తాంజిరో కల్పన, రాస్ మసూద్ నిజం అని సర్దిచెప్పాను గానీ వాడి ఖుషీ చూసి నేనూ నవ్వాను. బడిలో చెప్పిన తారీఖ్ పాఠం ఏదీ వాడికి ఇంత తొందరగా ఎక్కలేదు.

ఆ రోజు సాయంత్రం అబ్బా మరో సంగతి బయటపెట్టారు. నాకు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి, అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు.

దాదా నిజామ్ హుకూమత్‌లో చిన్న అహల్‌కార్, జిల్లా కచేరీలో మిసిళ్ళు రాసే పని. ఆయనకి రెండు నల్ల షేర్వానీలు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం రియాసత్‌లోకి వచ్చింది, 17న నిజామ్ లొంగిపోయాడు. దానికి ముందు రజాకార్లు పల్లెల్లో చేసిన జుల్మ్ తక్కువది కాదు. దాని తర్వాత, రజాకార్లతో ఏ తాల్లుక్ లేని ముసల్మాన్ల మీద పడ్డ ఖహర్ కూడా తక్కువది కాదు. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఆ రిపోర్ట్ ఏళ్ళ తరబడి బయటికి రాలేదు. దాదా ప్రాణం మిగిలింది, నౌకరీ పోయింది. ఉర్దూలో మిసిళ్ళు రాసే మనిషి కొత్త దఫ్తర్లకి అక్కరలేకపోయాడు. ఉస్మానియాలో కూడా ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది.

"అప్పుడు షేర్వానీ వేసుకుని బజారుకి పోవాలంటే మీ దాదాకి భయం" అన్నారు అబ్బా. "దూరం నుంచే తెలిసిపోతుంది కదా ఎవరో. ధోవతి కట్టుకోవడం నేర్చుకున్నాడు. రెండేళ్ళ తర్వాత నన్ను బడిలో వేసేటప్పుడు చలికాలం. కొత్త కోటు కుట్టించడానికి పైసల్లేవు. మీ దాదీ ఒక రాత్రి కందీలు పెట్టుకుని, ఒక షేర్వానీ తీసి నడుం దగ్గర కోసేసింది. భుజాలు లోపలికి తీసుకుని, ఆస్తీన్లు పొట్టి చేసి నాకు కోటు చేసింది. కింది ముక్కలతో రెండు సంచులు కుట్టింది. కాలర్ నా గడ్డానికి గీసుకునేది. ఈ పోరడు అన్న మాట, నడుం దగ్గర కోస్తే చాలని, అది మీ దాదీ ఎప్పుడో చేసేసింది బేటీ. అందుకే నవ్వొచ్చింది."

మా అబ్బా దర్జీ కావడానికి కూడా మూలం అక్కడే ఉంది. తండ్రి నౌకరీ పోయింది గనక పదేళ్ళకే ఒక ఉస్తాద్ దుకాణంలో కాజాలు తీయడానికి కూచున్నారు. గుమాస్తా కొడుకు అఫ్సర్ కావాల్సింది, మిషన్ ముందు కూచున్నాడు అని దాదా చివరి దాకా అఫ్సోస్ పడ్డాడట. ఆ మిషన్ మీదే మేం నలుగురం చదువుకున్నాం.

"మరి ఇప్పుడేం చేయమంటారు అబ్బా, కోయనా?" అని అడిగాను. "నక్కో. అప్పుడు జరూరత్ ఉండి కోసింది. ఇప్పుడు బట్టకి కరువు లేదు. దాని మీద నుంచి నాప్ తీసుకో, కాలర్ ఎలా నిలబెట్టాడో చూసుకో. ఆ పని చేసిన కారీగర్ నాకంటే మంచివాడు" అన్నారు.

కోటు మొత్తం అలాగే కుట్టాం. ఇంట్లో కుట్టాలనుకునే వాళ్ళ కోసం ఆ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. 58 అంగుళాల పన్నా ఉన్న నల్ల ట్విల్ కాటన్ రెండు మీటర్లు తెచ్చాం, అస్తర్‌కి మరో మీటరున్నర. కాటన్ ముందే నీళ్ళలో వేసి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి. లేకపోతే మొదటి ఉతుకుకే కోటు కురచవుతుంది. ఛాతీ కొలతకి నాలుగు అంగుళాలు వదులు ఇచ్చాం, లోపల చొక్కా వేసుకుంటాడు కాబట్టి. ముందు పాత దుప్పటి మీద కత్తిరించి, కచ్చా టాంకాలు వేసి, వాడికి తొడిగి చూశాం. వీపు మీద ఒక మడత వచ్చింది. అబ్బా కుర్చీలోంచే చూసి "భుజం వాలు ఎక్కువ, అర అంగుళం దించు" అన్నారు. దించితే మడత పోయింది.

కష్టమంతా కాలర్‌లోనే ఉంది. నేను మొదటిసారి తిన్నని పట్టీ కత్తిరించి కుట్టాను. అది మెడ నుంచి దూరంగా గరాటులా నిలబడింది. అప్పుడు దాదా షేర్వానీ కాలర్‌ని లోపలి వైపు నుంచి వేళ్ళతో తడిమి చూశాను. ఆ పట్టీ తిన్నగా లేదు. మధ్యలో తిన్నగా ఉండి, ముందు కొసలు రెండూ ముప్పావు అంగుళం పైకి లేచి ఉన్నాయి. అలా వంపు ఉంటేనే పై అంచు కింది అంచు కంటే కొంచెం చిన్నదై మెడని పట్టుకుంటుంది. మెడ చుట్టుకొలత కూడా బట్ట అంచు మీద కాదు, కుట్టు పడే గీత మీద తీసుకోవాలి. బక్రం ముక్కకి కుట్టు భత్తెం వదలకూడదు, లేకపోతే అంచు లావెక్కుతుంది. షేర్వానీ అస్తర్ ఒక చోట విడిపోయి ఉంటే లోపలికి చూశాను. కాన్వాస్ మీద చేతితో వేసిన చిన్న చిన్న వంకర టాంకాలు, వందల కొద్దీ. బయటికి ఒక్కటి కూడా కనబడదు. ఆ షేర్వానీకి ఉన్న రోజుల్లో ఎవరో దర్జీ ఒక పూటంతా కూచుని వేసిన పని అది. అతని పేరు మాకెవరికీ తెలీదు.

రెండోసారి కాలర్ కుదిరింది. ఐదు గుండీలు, ఐదు కాజాలు. కాజాలు మావాడే చేతితో కుట్టాడు. మొదటిది చూడలేకపోయాం, ఐదోది ఫర్వాలేదు. వీపు మీద జపాన్ అక్షరం ఒకటి తెల్ల రంగుతో రాయాలి. ఏమిటది అని మా అత్తమ్మ అడిగితే "నాశనం అని అర్థం దాదీ" అన్నాడు. ఆమె "తౌబా, పండగ పూట వీపు మీద అదేం రాతరా" అని రెండు రోజులు మాట్లాడలేదు. వాళ్ళు దయ్యాల్ని నాశనం చేసేవాళ్ళని చెప్పాక ఒప్పుకుంది.

కుట్టేటప్పుడు కాస్‌ప్లే తారీఖ్ కూడా వాడికి కొంత చెప్పాను. ఆ మాట 1980ల్లో నొబుయుకి తకహాషి అనే జపాన్ జర్నలిస్ట్ పుట్టించింది. పని మాత్రం అంతకు ముందు నుంచే ఉంది. 1939లో న్యూయార్క్‌లో సైన్స్ కథల అభిమానుల మొదటి ప్రపంచ జల్సా జరిగింది. ఫారెస్ట్ అకర్‌మన్ అనే కుర్రాడు, మర్టల్ డగ్లస్ అనే ఆమె భవిష్యత్ కాలపు మనుషుల్లా లిబాస్ వేసుకుని వచ్చారు. చాలా రోజులు ఆ షోహరత్ అంతా అకర్‌మన్‌కే దక్కింది. ఇద్దరి బట్టలూ కుట్టింది మాత్రం మర్టల్ డగ్లసే. ఇది విని అబ్బా "దర్జీ పేరు ఎక్కడా ఉండదు" అన్నారు. మా దాదీ రాత్రంతా కూచుని కోటు కుట్టిన సంగతి కూడా డెబ్బై అయిదేళ్ళు మా ఇంట్లోనే ఎవరూ పలకలేదు.

ఇక వాడి సవాల్. నిఖా రోజు కిరాయి షేర్వానీ కాస్‌ప్లేనా? కొంత నిజమేనని ఒప్పుకున్నాను. జరీ, రాళ్ళు, మెరుపు గుండీలు అతికించిన ఆ షేర్వానీ మన దాదాలు వేసుకున్నది కాదు. వాళ్ళది కచేరీకి పోయే బట్ట, బడికి పోయే బట్ట, సంతకి పోయే బట్ట. హిందూ దోస్త్, ముసల్మాన్ దోస్త్ పక్కపక్కన నిలబడితే బట్టలో తేడా తెలియని రోజులు ఉండేవి. ఆ షేర్వానీ మన నుంచి భయంతో పోయింది. ఫ్యాషన్ మారి పోయి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు. తిరిగొచ్చేటప్పుడు అది మొఘల్ బాద్షా వేషంలో వచ్చింది. గుమాస్తా షేర్వానీ మాత్రం సందూక్‌లోనే ఉండిపోయింది. జపాన్ వాళ్ళు గకురాన్‌ని బడిలో ఇంకా కొంత మిగుల్చుకున్నారు. అక్కడ బడి చదువు పూర్తయిన రోజు అబ్బాయి తన కోటు రెండో గుండీ తీసి ఇష్టమైన అమ్మాయికి ఇవ్వడం ఒక రివాజ్. గుండెకి దగ్గరగా ఉండే గుండీ అని చెబుతారు. వాళ్ళ కార్టూన్ చూసి మన పిల్లలు ఆ కోటు కుట్టించమంటున్నారంటే, వాళ్ళు తమ మామూలు బట్టని కథల్లోకి తీసుకుపోయారు గనకే. మన కథల్లో దాదాల షేర్వానీ ఎక్కడుంది?

కామిక్ కాన్ రోజు పొద్దున మావాడు కోటు వేసుకుని, పైన గళ్ళ హావోరి తొడిగి, అబ్బా ముందు నిలబడ్డాడు. అబ్బా వణికే వేళ్ళతోనే మెడ దగ్గరి గుండీ పెట్టారు. కాలర్ చుట్టూ వేలు తిప్పి, "గీసుకోవట్లేదు కదా?" అని అడిగారు. "లేదు నానా" అన్నాడు. సాయంత్రం తిరిగొచ్చాక, ఈసారి ఈద్‌కి దాదా షేర్వానీ తను వేసుకోవచ్చా అని నన్ను అడిగాడు. పొడవు ఎక్కువవుతుంది, ఇంకో రెండేళ్ళు ఆగమన్నాను. విడిపోయిన అస్తర్ మాత్రం ఆ వారమే తురపాయి చేసి పెట్టాను.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి సందూక్‌లు ఉంటాయి. పాత షేర్వానీ ఉంటే దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, ఉతికిన నూలు బట్టలో చుట్టి వేపాకు వేయండి. ఏడాదికి ఒకసారి నీడలో ఆరేయండి. అది ఎవరిది, ఎవరు కుట్టారు, ఎప్పుడు వేసుకోవడం మానేశారు అని ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టండి. మా అబ్బా చెప్పింది నేను అలాగే రాసి దాదా షేర్వానీ లోపలి జేబులో పెట్టాను. దాదీ కోసిన రెండో షేర్వానీ సంగతి కూడా అందులోనే రాశాను.